పుదుక్కోట స్త్రీలు, మగవారి సైకిళ్ళు

తిరుచిరాపల్లి దాటి దక్షిణంగా సాగే బాట కావేరీ తీరపు పచ్చదనాన్ని త్వరలోనే వెనుక విడిచిపెడుతుంది. అక్కడినుండి ఎర్రనేల, మధ్యమధ్య ఏనుగు వీపులవలె లేచిన రాతిగుట్టలు, వానకోసం ఎదురుచూసే చెరువులు, జీడిమామిడి తోటలు కనిపిస్తాయి. యాభై కిలోమీటర్లకు కొంచెం పైగా ప్రయాణించిన తరువాత పుదుక్కోట పట్టణం వస్తుంది.

తెలుగువారికి ఈ ఊరితో ఒక చిన్న చుట్టరికం ఉంది. తొండైమాన్ రాజులు ఇక్కడ చలామణీ చేసిన ‘అమ్మన్ కాసు’ అనే చిన్న రాగి నాణెం మీద ఒకవైపు బృహదంబాదేవి మూర్తి, రెండవవైపు తెలుగు లిపిలో ‘విజయ’ అనే మాట ఉంటాయి. ఆ సంస్థానం 1948లో భారతదేశంలో విలీనమయింది. 1974లో పుదుక్కోట ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. యాత్రికులు సాధారణంగా శిత్తన్నవాసల్ గుహలోని జైన చిత్రాలనూ, కుడుమియాన్‌మలై కొండమీది సంగీత శాసనాన్నీ చూసి తిరుగుముఖం పడతారు. అయితే ఈ జిల్లా పేరు దేశమంతటా మారుమ్రోగడానికి కారణమైనవి ఈ ప్రాచీన శిల్పసంపదలు కావు. 1990 దశాబ్దపు తొలి సంవత్సరాలలో ఇక్కడి పల్లెటూరి స్త్రీలు వేల సంఖ్యలో సైకిలు ఎక్కారు. ఎక్కడమే కాక, తమకు ఎటువంటి సైకిలు కావాలో తామే నిర్ణయించుకున్నారు.

నడకతో గడిచే దినం

పుదుక్కోట వర్షాధారమైన నేల. ఊళ్ళు దూరదూరంగా ఉంటాయి. నీటికోసం ఒక వైపు, సంతకోసం మరొక వైపు, బస్సుకోసం ఇంకొక వైపు నడవాలి. పొలంలో కూలిపని చేసే స్త్రీ, రాతిగనిలో కంకర కొట్టే స్త్రీ, కూరగాయల గంప నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరిగే స్త్రీ — వీరందరి దినచర్యలోనూ పెద్ద భాగం నడకకే సరిపోయేది.

చాలా ఇళ్ళలో సైకిలు లేకపోలేదు. కాని అది ఇంటి యజమానిది. ఉదయం ఆయనతో వెళ్ళి రాత్రికి ఆయనతోనే తిరిగి వచ్చేది. భార్యకు ఆసుపత్రికో పుట్టింటికో వెళ్ళవలసిన అవసరం కలిగితే భర్తగాని, అన్నగాని, ఎదిగిన కొడుకుగాని క్యారియరు మీద కూర్చోబెట్టుకొని బస్సు ఆగేచోట దింపాలి. వారికి తీరిక లేకపోతే ప్రయాణమే లేదు.

ఈ లెక్కను అంకెలలో వేసి చూడవచ్చు. మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న సంతకు నడిచి వెళ్ళి రావడానికి గంటంబావు పడుతుంది. అదే దూరం నిదానంగా సైకిలు తొక్కినా అరగంటకు మించదు. మిగిలిన ముప్పావుగంట ఒక్కరోజుకు చిన్నదిగానే తోచవచ్చు. నెలకు కూడితే అది ఇరవై గంటలు దాటుతుంది.

అక్షరంతోపాటు సైకిలు

1991లో ‘అరివొళి ఇయక్కం’ అనే సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం ఈ జిల్లాలో ప్రారంభమయింది. అరివొళి అంటే జ్ఞానజ్యోతి. ఆనాటి జిల్లా కలెక్టరు షీలారాణి చుంకత్. రాత్రిపూట పల్లెలలో చదువు చెప్పడానికి స్త్రీ కార్యకర్తలు ఒక ఊరినుండి మరొక ఊరికి పోవాలి. బస్సులు లేని వేళల్లో వారు ఎలా వెళ్ళగలరు? ఈ చిక్కు తీర్చడానికి సైకిలు నేర్చుకోవడాన్ని కూడా అక్షరాస్యతలో భాగంగానే పరిగణించాలని ఉద్యమ నిర్వాహకులు నిశ్చయించారు. సైకిళ్ళు కొనుక్కోవడానికి బ్యాంకులచేత అప్పులు ఇప్పించారు. సెలవు దినాలలో శిక్షణ శిబిరాలు జరిగాయి. తెలిసినవారు తెలియనివారికి నేర్పారు. సైకిలు నేర్చుకోమని చెల్లెలిని హెచ్చరించే పాట ఒకటి ఊరూరా వినిపించింది.

తొలిరోజులలో ఈ స్త్రీలు పడిన మాటలు తక్కువేమీ కాదు. చీర కట్టుకొని సైకిలు తొక్కే ఆడదాన్ని చూసి నవ్వినవారున్నారు, నీచంగా మాట్లాడినవారున్నారు. ఈ ప్రాంతానికి అటువంటి ఎదిరింపు కొత్తది కాదు. పుదుక్కోటలో 1886లో జన్మించిన ముత్తులక్ష్మిరెడ్డి మగపిల్లల కళాశాలలో చేరదలచినప్పుడు అభ్యంతరాలు చెప్పినవారు పలువురు. రాజు అనుమతితో ఆమె అక్కడ చదివి, 1912లో మద్రాసు వైద్యకళాశాలనుండి పట్టం పొందింది. ఆమె ఒంటరిగా ఎదుర్కొన్న దాన్ని ఎనభై ఏళ్ళ తరువాత పల్లెటూరి స్త్రీలు గుంపులుగా ఎదుర్కొన్నారు. ఒక్కరు ఎక్కితే వింత. వందమంది ఎక్కితే అది మామూలు విషయం.

1992 మార్చి 8న, అంతర్జాతీయ మహిళా దినోత్సవం నాడు, పదిహేను వందల మందికి పైగా స్త్రీలు హ్యాండిళ్ళకు జెండాలు కట్టి, గంటలు మ్రోగిస్తూ పుదుక్కోట వీధులలో ఊరేగింపు తీశారు. ఆ కాలంలో జిల్లాలో సైకిలు నేర్చుకున్న గ్రామీణ స్త్రీలు లక్షకు పైగా ఉంటారని అక్కడి పరిస్థితులను పరిశీలించిన పాత్రికేయుడు పి. సాయినాథ్ అంచనా వేశారు.

కడ్డీ చేసిన మేలు

స్త్రీలు ఒక్కసారిగా సైకిళ్ళు అడగడంతో దుకాణాలలో ‘లేడీస్’ సైకిళ్ళకు కరువు వచ్చింది. గత్యంతరం లేక చాలామంది మగవారి సైకిళ్ళు తీసుకున్నారు. అయితే కొందరు తల్లులు మగవారి సైకిలే తమకు మేలని చెప్పారు. సీటునుండి హ్యాండిలు వరకు అడ్డంగా ఉండే కడ్డీమీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చునని వారు చెప్పిన కారణం. సాయినాథ్ తమ రచనలో ఈ విషయాన్ని ప్రత్యేకంగా పేర్కొన్నారు.

ఈ చిన్న మాటలో పెద్ద విశేషం ఉంది. స్త్రీల సైకిలులో ఆ కడ్డీ లేకపోవడానికి మూలం పందొమ్మిదవ శతాబ్దపు చివరిభాగంలో ఐరోపా, అమెరికా స్త్రీలు ధరించిన పొడవాటి గౌన్లు. గౌను అడ్డుపడకుండా పై కడ్డీని క్రిందికి వంచారు. అంటే ఆ నమూనా ఒంటరిగా ప్రయాణించే స్త్రీ దుస్తులను దృష్టిలో పెట్టుకొని తయారయింది. చంకలో బిడ్డతో, వెనుక బిందెతో, చేతిలో సంచితో బయలుదేరే ఇల్లాలు ఆ రూపకర్తల ఆలోచనలో లేదు. పుదుక్కోట తల్లి తన చీరను కొంచెం ఎగదోపుకొని, తన బరువుల లెక్క ప్రకారం సైకిలును ఎంచుకుంది.

యంత్రశాస్త్రం కూడా ఆమె పక్షమే వహిస్తుంది. పై కడ్డీ ఉన్న ఫ్రేము త్రికోణాకారంలో బిగిసి ఉండడం వల్ల బరువుకు తక్కువగా వంగుతుంది. వెనుక క్యారియరు మీద పదిహేను లీటర్ల బిందెలు రెండు కడితే ముప్పై కిలోల నీరు అవుతుంది. అంత బరువు వెనుక పడితే ముందుచక్రం తేలికై హ్యాండిలు తొణుకుతుంది. బిడ్డ ముందువైపు, తల్లి రెండు చేతుల నడుమ కూర్చుంటే ఆ తొణుకు కొంత తగ్గుతుంది. పైగా బిడ్డ కళ్ళ ఎదుటే ఉంటుంది.

కాని ఈ సైకిలుకు తనదైన చిక్కు లేకపోలేదు. వెనుక బిందెలు కట్టి ఉన్నప్పుడు కాలు వెనుకనుండి త్రిప్పి ఎక్కడం సాధ్యం కాదు; ముందునుండి ఎక్కుదామంటే కడ్డీ అడ్డు. అందువల్ల ప్రధానంగా నీరు, ధాన్యం మోసే స్త్రీకి కడ్డీలేని సైకిలే సులువు. పసిబిడ్డను తీసుకుపోయే తల్లికి కడ్డీ ఉన్నది అనుకూలం. ఏది ఉత్తమమనే ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. ఆ ఇంట్లో రోజూ మోయవలసిన బరువు ఏదో, దాన్ని మోసేది ఎవరో తెలిసిన తరువాతే సమాధానం దొరుకుతుంది.

సంసారానికి తగిన సైకిలు

సంసారపు పనికి సైకిలు కొనేవారు రంగునూ మెరుగునూ చూడకముందు చూడవలసిన భాగాలు కొన్ని ఉన్నాయి. మొదటిది ఎత్తు. సీటు మీద కూర్చున్నప్పుడు రెండు పాదాల మునివేళ్ళైనా నేలకు తగలాలి. ముందు బిడ్డ, వెనుక బరువు ఉన్నప్పుడు సైకిలు ఒరిగితే ఆదుకునేది ఆ కాలే. భర్త ఎత్తుకు సరిపడిన సైకిలును భార్య తొక్కవలసి వచ్చినప్పుడు సీటు దింపుకోవడానికి వీలున్నదో లేదో ముందే చూసుకోవాలి.

రెండవది స్టాండు. ఒంటికాలి స్టాండు బరువు వేస్తే పక్కకు పడిపోతుంది. వెనుకచక్రాన్ని నేలనుండి పైకెత్తి నిలబెట్టే రెండుకాళ్ళ స్టాండు ఉంటేనే కుళాయి దగ్గర బిందెలు కట్టుకోవడం కుదురుతుంది. మూడవది క్యారియరు. దాని ఆధారపు కడ్డీలు లావుగా ఉండి, ఇరుసు దగ్గర గట్టిగా బిగించి ఉండాలి. మన దేశపు పాతకాలపు పెద్ద సైకిళ్ళలో ముందుచక్రానికి 32 చువ్వలు, వెనుకచక్రానికి 40 చువ్వలు ఉండేవి. బరువులో ఎక్కువ భాగం వెనుకచక్రమే మోస్తుందనే ఎరుక ఆ తేడాకు కారణం. వెనుక చువ్వలలో ఒకటి తెగినా మరమ్మతును వాయిదా వేయరాదు. దాని బరువు పక్క చువ్వలమీద పడి అవీ తెగుతాయి.

చీర కట్టేవారికి గొలుసును పూర్తిగా కప్పే మూత తప్పనిసరి. పైట చెంగు చక్రంలో చిక్కకుండా వెనుకచక్రానికి రెండువైపులా వల బిగించుకోవడం మంచిది. కడ్డీమీద కూర్చునే బిడ్డకు చిన్న సీటు, పాదాలు పెట్టుకొనే ఆధారం ఉండాలి. ఒట్టి కడ్డీమీద తువ్వాలు చుట్టి కూర్చోబెడితే ఒళ్ళు నొప్పి పుట్టకపోవచ్చుగాని, వ్రేలాడే పాదం చువ్వలలో పడే ప్రమాదం తప్పదు. వానలో ఇనుపచక్రం తడిస్తే బ్రేకు ఆలస్యంగా పడుతుంది. అందుచేత తడిదారిలో వేగం ముందుగానే తగ్గించుకోవాలి.

వీటన్నిటికంటె విలువైనది మరమ్మతు తెలిసి ఉండడం. ట్యూబు విప్పి, గాలి నింపి, నీళ్ళలో ముంచి, బుడగలు వచ్చేచోట గుర్తు పెట్టి, ఆరిన తరువాత గరుకుకాగితంతో రుద్ది, జిగురు రాసి, రబ్బరు ముక్క అంటించడం అక్షరాలు దిద్దడంకంటె కష్టమైన విద్య కాదు. తన సైకిలుకు పంక్చరు తానే వేసుకోగల స్త్రీ మళ్ళీ మరొకరి తీరికకోసం కాచుకొని ఉండనక్కరలేదు.

ఇంటిలో మారినది

సైకిలు వచ్చిన తరువాత కూరగాయలమ్మే స్త్రీ ఒక ఊరికి బదులు నాలుగు ఊళ్ళు తిరగగలిగింది. బస్సుకోసం నిలబడే సమయం అమ్మకానికి మిగిలింది. నీళ్ళు తేవడం, పిల్లలను దింపడం, సరకులు కొనడం ఒకే ప్రయాణంలో కలిసివచ్చాయి. ఆదాయం పెరగడం ఒక లాభం. తన దారిని తానే నిర్ణయించుకోగలగడం అంతకంటె పెద్ద లాభమని ఆ స్త్రీలే చెప్పారు.

ఇందులో ఆలోచించదగిన సంగతి మరొకటి ఉంది. నీళ్ళబిందెలు సైకిలు మీదికి మారాయిగాని, నీళ్ళు తేవడం ఆడదాని పనిగానే మిగిలింది. సైకిలు ఆమె బరువును తగ్గించిందేగాని, పంచలేదు. పంచవలసినవారు ఇంటిలోనే ఉన్నారు.

ఇంచుమించు అదే కాలంలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా కేంద్రాలలో చేరిన స్త్రీలు తమ ఊళ్ళలో సారా అమ్మకాలను ఎదిరించారు. 1992లో దూబగుంటనుండి మొదలైన ఆ కదలిక తెలుగునాడంతా వ్యాపించింది. ఒకచోట చదువు సారాకొట్టు తలుపు మూయించింది. మరొకచోట సైకిలు మీద ఊరి పొలిమేర దాటించింది.

తరువాతి సంవత్సరాలలో పలు రాష్ట్రాల ప్రభుత్వాలు పాఠశాల బాలికలకు సైకిళ్ళు ఇచ్చాయి. 2006లో బీహారు ప్రారంభించిన పథకాన్ని కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించి, హైస్కూలులో వయస్సుకు తగిన తరగతిలో చేరే బాలికల సంఖ్య దానివల్ల 32 శాతం పెరిగిందని 2017లో ప్రకటించారు. పుదుక్కోట తల్లులు అనుభవంతో తెలుసుకొన్నదాన్నే వారు లెక్కలతో నిరూపించారు.

నేడు ఆ ఎర్రనేల దారులలో మోపెడ్లు, స్కూటర్లు పెరిగాయి. 2021 మే నుండి తమిళనాడు ప్రభుత్వం సాధారణ పట్టణ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణం కల్పించింది. అయినా బస్సు తన వేళకే వస్తుంది; స్కూటరుకు పెట్రోలు కొనాలి. పెరటిగోడకు ఆనించిన సైకిలు మాత్రం పిలిచిన వేళకు బయలుదేరుతుంది. దాన్ని కొనబోయే కుటుంబం దుకాణం మెట్లు ఎక్కకముందు ఇంటిలోనే ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ ఇంట్లో ఎక్కువ దూరం నడిచేది ఎవరు? సైకిలు ఆ మనిషి కొలతలకు సరిపోవాలి.