అర్ధరాత్రి లైటు

రాత్రి పన్నెండున్నరకి ఒకసారి. రెండింటికి ఇంకోసారి. మళ్లీ మూడున్నరకి. పెరటివైపు బాత్రూంలో లైటు వెలిగినప్పుడల్లా ఆ ఇల్లాలికి మెలకువ వచ్చేది. ‘‘షుగరేమోనండీ, ఓసారి చూపించుకోండి’’ అంటే, ‘‘వయసు మీద పడట్లేదూ! నువ్వు పడుకో’’ అని మాస్టారు గోడవైపు తిరిగేవారు.

తెనాలి దగ్గర ఓ ఊళ్లో ముప్ఫై మూడేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషాయన. వయసు అరవై ఆరు. పరీక్ష చేయిస్తే షుగర్ లేదని తేలింది. దాంతో డాక్టరు ఊసు పక్కకుపోయింది. కానీ ఆయన మాత్రం లోలోపల వేరే లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టారు. సాయంత్రం ఆరు దాటితే మంచినీళ్లు ముట్టరు. రెండు గంటలు మించిన బస్సు ప్రయాణమంటే ఏదో ఒక సాకు. చివరికి రాజమండ్రిలో సొంత మేనకోడలి పెళ్లికి కూడా మోకాళ్ల నొప్పులని చెప్పి వెళ్లలేదు. చెల్లెలు ఏడాదిపాటు ఆయనతో మాట్లాడలేదు.

అన్నిటికన్నా ఆయన్ని ఎక్కువగా తినేసింది ఒక అనుమానం. ధార సన్నబడింది, మొదలవడానికే నిమిషాలు పడుతోంది... ఇదంతా మగతనం తగ్గిపోవడమే కాబోలు అనుకున్నారు. ఎవరితో చెప్పుకుంటారు? కొడుకుతోనా, కోడలితోనా? బస్టాండు గోడమీద ప్రకటన చూసి ‘పురుషశక్తి’ క్యాప్సూళ్ల డబ్బా కొన్నారు. అందులో ఏముందో ఎక్కడా రాసి లేదు. పంచాంగాల వెనక దాచి మూడు నెలలు మింగారు. లైటు వెలగడం మాత్రం తగ్గలేదు.

ఆ ధనుర్మాసంలో చలికి జలుబు చేసింది. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్లలు రెండుపూటలా వేసుకున్నారు. ఆ రాత్రి బాత్రూంలో లైటు వెలిగింది కానీ ఆరలేదు. ఎంతసేపు నిలబడినా ఒక్క చుక్క రాలేదు. తెల్లవారుజాముకి పొత్తికడుపు రాయిలా బిగుసుకుంది. ‘‘నాన్నా, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?’’ అంటూ కొడుకు కారు తీశాడు. గుంటూరు ఆసుపత్రిలో సన్నటి గొట్టం వేస్తే లీటరుకు దగ్గరగా మూత్రం బయటికి వచ్చింది. బాధ తగ్గాక మాస్టారు అడిగిన మొదటి ప్రశ్న- ‘‘నాలో మగ హార్మోను అయిపోయిందా డాక్టరుగారూ?’’

యూరాలజిస్టు నవ్వలేదు. కాగితం తీసుకుని బొమ్మ గీశాడు. మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉంగరంలా ఉండేదే ప్రోస్టేట్. తెలుగులో పౌరుష గ్రంథి అనీ అంటారు. యవ్వనంలో దాని బరువు సుమారు 20 గ్రాములు. నలభై దాటాక చాలామందిలో పెరగడం మొదలవుతుంది. యాభైల్లో ఉన్నవారిలో దాదాపు సగంమందికి, ఎనభై దాటితే నూటికి ఎనభై మందికి పైగా ఈ పెరుగుదల కనిపిస్తుంది. అంటే ఇది మాస్టారి ఒక్కరి రహస్యం కాదు.

దీన్ని పెంచేది టెస్టోస్టిరానే. అయితే అది నేరుగా కాదు, గ్రంథిలోని ఓ ఎంజైము చేతిలో డీహెచ్‌టీ అనే మరింత బలమైన హార్మోనుగా మారి పనిచేస్తుంది. ఈ సంగతి తేలడానికి సాయపడింది కరీబియన్ దీవుల్లోని డొమినికన్ రిపబ్లిక్‌లో ఓ పల్లె. ఆ ఎంజైము లోపంతో పుట్టిన కొందరు అక్కడున్నారని 1974లో పరిశోధకులు ప్రకటించారు. పెద్దయ్యాక కూడా వాళ్ల ప్రోస్టేట్ చిన్నదిగానే ఉండిపోయింది. ఆ ఎంజైమును అడ్డుకునే ఫినాస్టరైడ్ మాత్రకు 1992లో అమెరికాలో అనుమతి వచ్చింది.

‘‘మరి వయసుతో హార్మోను తగ్గుతుందంటారుగా. గ్రంథి కూడా తగ్గాలి కదా?’’ లెక్కల మాస్టారికి అక్కడ లెక్క తప్పింది.

తప్పలేదన్నాడు డాక్టరు. రక్తంలో టెస్టోస్టిరాన్ నెమ్మదిగా తగ్గినా, గ్రంథి లోపల డీహెచ్‌టీ తయారవుతూనే ఉంటుంది. మరోపక్క, పొట్ట చుట్టూ చేరిన కొవ్వు కొంత టెస్టోస్టిరాన్‌ని ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. మగవాళ్లలోనూ కాస్త ఉండే హార్మోనే అది. రెంటి మధ్య తూకం మారుతుంది. ఎలుకలకు ఈస్ట్రోజెన్ ఇచ్చి చూస్తే ప్రోస్టేట్‌లో రక్షణకణాలు గుంపుగా చేరి మంట, వాపు పుట్టాయి. దాంతోపాటు టెస్టోస్టిరాన్ ఇస్తే ఆ మంట తగ్గింది. పెరిగిన ప్రోస్టేట్ ముక్కల్ని సూక్ష్మదర్శిని కింద పెడితే మనుషుల్లోనూ చాలామందికి ఈ వాపు కనిపిస్తుంది. ఏ క్రిమీ లేకుండానే! అలా చేరిన కణాలు వదిలే రసాయనాలు చుట్టుపక్కల కణాల్ని ఇంకా పెరగమంటాయి. పెరిగినకొద్దీ మళ్లీ వాపు. అదో విషవలయం.

‘‘అయితే ఆ హార్మోను సూదులు వేయించుకుంటే?’’

‘‘సొంతంగా అస్సలు వద్దు మాస్టారూ. ఎలుక లెక్క వేరు, మన లెక్క వేరు. కుర్రాళ్లయితే బయటినుంచి తీసుకునే టెస్టోస్టిరాన్‌తో వీర్యకణాల తయారీయే పడిపోతుంది. ఆ క్యాప్సూళ్లు కూడా ఇవాళే మానేయండి.’’

ఆ రాత్రి ముంచింది జలుబు మందులని కూడా అప్పుడే తెలిసింది. ముక్కు దిబ్బడ తగ్గించే కొన్ని మందులు మూత్రాశయం మెడ దగ్గరి కండరాన్ని బిగిస్తాయి. కొన్ని జలుబు బిళ్లలు మూత్రాశయం పిండే బలాన్ని తగ్గిస్తాయి.

కొద్దిరోజుల తర్వాత గొట్టం తీసేశారు. బిగుతు సడలించే మాత్ర ఒకటి, గ్రంథిని కుదించే మాత్ర ఒకటి. మొదటిది రోజుల్లోనే పనిచేసింది, రెండోదానికి ఆర్నెల్లు పడుతుందన్నారు. మధ్యలో పీఎస్‌ఏ పరీక్షలో అంకె ఎక్కువ రావడంతో ఇంట్లో అందరి గుండెల్లో రాయి పడింది. వాపున్నా, మూత్రం బిగిసినా కూడా ఆ అంకె పెరుగుతుందని చెప్పి, కొన్ని వారాలు ఆగి మళ్లీ చేయించారు. తగ్గింది. కుదించే మాత్ర వాడుతుంటే ఆ అంకె సగానికి పడిపోతుందనీ, ఇకమీదట ఏ డాక్టరుకు చూపించినా ఈ మందు సంగతి ముందే చెప్పాలనీ మాస్టారు కాగితం మీద రాసుకున్నారు. మూత్రంలో రక్తం కనిపించినా, చలిజ్వరంతో మంట వచ్చినా ఒక్కరోజు కూడా ఆగొద్దని కింద గీత గీసి మరీ రాసుకున్నారు.

ఇప్పుడు ఆ ఇంట్లో లైటు రాత్రికి ఒక్కసారే వెలుగుతోంది. ఆ ఎండాకాలంలో మాస్టారు దంపతులు రాజమండ్రి వెళ్లారు. పెళ్లికి ఎందుకు రాలేకపోయారో చెల్లెలికి ఉన్నదున్నట్టు చెప్పేశారు. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికి చూసి, ‘‘అన్నయ్యా, మీ బావగారూ రాత్రుళ్లు నాలుగుసార్లు లేస్తున్నారు. అడిగితే కసురుకుంటున్నారు’’ అంది మెల్లగా.

మాస్టారు లేచి, వరండాలో పేపరు చదువుతున్న బావగారి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.