కుక్కలు లేని నగరం

భూగోళపటం తీసి, ఇంగ్లండు దగ్గర వేలు పెట్టి, వాయవ్యంగా జరుపుకుంటూ పోండి. ధ్రువవృత్తాన్ని ఆనుకుని, సముద్రం మధ్య ఒక ద్వీపం కనిపిస్తుంది. అదే ఐస్‌లండు. వైశాల్యంలో అది మన తెలంగాణ కంటే కొంచెం చిన్నది. జనం మాత్రం నాలుగు లక్షలు కూడా లేరు. పేరుకు మంచుదేశమే గాని, నేల కింద అంతా నిప్పు. అగ్నిపర్వతాలున్నాయి, సలసల కాగే నీటిబుగ్గలున్నాయి. ముఖ్యపట్టణం పేరు రెక్యావిక్. అంటే "పొగల అఖాతం" అని అర్థం. వేడిబుగ్గల నుంచి లేచే ఆవిరిని చూసి పూర్వులు ఆ పేరు పెట్టారట.

ఈ పట్టణంలో ఒక వింత జరిగింది. 1924లో అక్కడ కుక్కలను పెంచరాదని నిషేధం పెట్టారు. అది అరవై ఏళ్ళపాటు అమలులో వున్నది!

అక్కడివారికి కుక్కలంటే అంత ద్వేషమా? కానే కాదు. ఆ దేశంలో పూర్వం గొర్రెలే ఆస్తి. వేసవిలో గొర్రెలను కొండల మీదికి స్వేచ్ఛగా వదిలేస్తారు. సెప్టెంబరులో వాటిని వెతికి, పోగుచేసి, కిందికి తోలుకురావాలి. నిలువు చెవులూ, వీపు మీదికి చుట్టుకున్న తోకా గల అక్కడి కుక్క సాయం లేనిదే ఆ పని అయ్యేది కాదు.

ఇప్పుడు మీరు 1860 నాటి పల్లెటూరి ఇంట్లోకి నాతో రండి. కలప దొరకని దేశం గనక గోడలు రాళ్ళతోనూ, గడ్డి పెరిగిన మట్టిపెళ్ళలతోనూ కట్టారు. కప్పు మీద పచ్చగడ్డి మొలిచి వుంటుంది. లోపల ఒకటే పొడుగాటి గది. గోడల వెంట మంచాలు. తినటం, ఉన్ని వడకటం, పడుకోవటం అన్నీ అక్కడే. చలికి కుక్కలు కూడా అక్కడే ముడుచుకుంటాయి. మనిషికొక మూత వున్న కొయ్యగిన్నె. తినటం కాగానే గిన్నెను కింద పెడతారు. కుక్క దాన్ని శుభ్రంగా నాకేస్తుంది. దీని మీద అక్కడ ఒక కథ కూడా వున్నది. క్రిస్మసుకు ముందు కొండల నుంచి పదముగ్గురు కొంటె అన్నదమ్ములు దిగివస్తారు. వారిలో ఒకడు మంచం కింద నక్కి, కుక్కకు పెట్టిన గిన్నెను లాక్కుని తానే నాకేస్తాడు. అందుకే వాడికి "గిన్నెలు నాకేవాడు" అని పేరు.

కథ నవ్వు పుట్టించేదే. కాని అసలు ప్రమాదం ఆ గిన్నెలోనే వుండేది.

ఆ రోజుల్లో ఐస్‌లండులో ఎంతోమందికి కడుపులో తిత్తులు పెరిగేవి. నీటితో నిండిన తిత్తి కార్జంలోనో, ఊపిరితిత్తుల్లోనో బయలుదేరి, ఏళ్ళ తరబడి మెల్లగా పెరిగి, నారింజపండంత, ఒక్కోసారి కొబ్బరికాయంత అయ్యేది. అది లోపల పగిలితే ప్రాణానికే ముప్పు. ఐస్‌లండు అప్పుడు డెన్మార్కు ఏలుబడిలో వుండేది. 1863లో హరాల్డ్ క్రాబ్బె అనే డెన్మార్కు పశువైద్యుడు ఈ సంగతి తేల్చటానికి ఓడెక్కి ఐస్‌లండు వచ్చాడు. ఆయన నూరు కుక్కలను కోసి పేగులు పరీక్షించాడు. ఇరవై ఎనిమిదింటిలో ఒక చిన్న బద్దెపురుగు కనిపించింది. బద్దెపురుగుల్లో బారల పొడవు వుండేవి కూడా వున్నాయి గాని, ఇది బియ్యపుగింజ కంటే పెద్దది కాదు. ఒక్క కుక్కలో ఇవి వేలకొద్దీ వుండవచ్చు. అయినా కుక్క హాయిగా తోక ఊపుతూనే వుంటుంది!

ఈ పురుగు గుడ్లు కుక్క పెంటలో బయటికి వచ్చి గడ్డి మీద పడతాయి. గడ్డితోపాటు గొర్రె వాటిని మింగుతుంది. గొర్రె కార్జంలో తిత్తి పెరుగుతుంది. గొర్రెను కోసినవాడు ఆ పాడైన కార్జాన్ని కుక్కకు విసురుతాడు. తిత్తిలోని పిల్లలు కుక్క పేగుల్లో మళ్ళీ పురుగులవుతాయి. ఈ చక్రంలో మనిషికి చోటే లేదు. కాని కుక్క తన వొళ్ళు నాక్కుని, ఆ నాలుకతోనే గిన్నెనూ, పిల్లవాడి మొహాన్నీ నాకిందంటే, కంటికి కనపడని గుడ్లు మనిషి కడుపులోకి పోతాయి. అప్పుడు తిత్తి మనిషిలో లేస్తుంది. గొర్రె కార్జం తిన్నందువల్ల ఈ జబ్బు రాదు. కుక్క ద్వారానే రావాలి.

క్రాబ్బె ఇదంతా చిన్న పుస్తకంగా రాశాడు. 1864లో దాన్ని ఐస్‌లండులో ఇంటింటికీ ఉచితంగా పంచారు. పుస్తకాలు పంచితే రోగం పోతుందా అని మీరు అనవచ్చు. అయితే ఆ దేశంలో చదవటం రానివాడు అరుదు. పొడుగాటి చలికాలపు రాత్రులలో అందరూ ఉన్ని పని చేసుకుంటూ వుంటే, ఒకరు గట్టిగా చదివి వినిపించటం వాళ్ళ ఆచారం. తిత్తులున్న మాంసం కుక్కకు వేయకుండా కాల్చాలని గాని, పాతిపెట్టాలని గాని ప్రజలు తెలుసుకున్నారు. తరువాత చట్టాలు వచ్చాయి, కుక్కలకు పురుగుల మందు వచ్చింది. కబేళాలు వచ్చాక గొర్రెలను ఇళ్ళ దగ్గర కోయటం తగ్గింది. పైగా ఎక్కువగా కోసేది లేత గొర్రెపిల్లలనే. వాటిలో తిత్తి ముదరటానికి వ్యవధి వుండదు.

అయినా పని ఒక్క రోజులో కాలేదు. చిన్నప్పుడు గుడ్లు మింగినవారు ముసలివారై చనిపోయేదాకా వారి తిత్తులు వారితోనే వున్నాయి. ఆ దేశపు గొర్రెలో చివరి తిత్తి కనిపించింది 1979లో. అంటే క్రాబ్బె వచ్చిన 116 సంవత్సరాలకు!

న్యూజీలండులోనూ, టాస్మేనియాలోనూ ఈ పురుగును పట్టుకోవటానికి కుక్కలకు ఒక భేదిమందు తాగించేవారు. ఆ మందు మొదట దేనినుంచి దొరికిందో తెలుసా? మన తాంబూలంలోని వక్క నుంచి!

ఈ పురుగు మన దేశంలో ఇంకా వున్నది. ఆంధ్రలోనూ, తమిళనాడులోనూ ఈ తిత్తులకు శస్త్రచికిత్స చేయించుకునేవారు నేటికీ వున్నారు. మీ ఊళ్ళో మాంసం కొట్టు ముందు కుక్కలు కూర్చుని వుండటం మీరు చూసే వుంటారు. నీటిబుడగలున్న కార్జం ముక్క ఎటు పడుతున్నదో ఈసారి గమనించండి. కుక్కతో ఆడుకుని వచ్చిన చేతులతోనే అన్నం ముందు కూర్చుంటే అమ్మ ఎందుకు కసురుతుందో కూడా అర్థమవుతుంది.

1984లో రెక్యావిక్‌లో నిషేధం సడలించారు. ఇప్పుడక్కడ వీధుల్లో తోక చుట్టుకున్న కుక్కలు యజమానుల వెంట తిరుగుతూ కనిపిస్తాయి. పరాయి దేశపు కుక్క అక్కడ అడుగు పెట్టాలంటే మాత్రం, ముందు పురుగుల మందు మింగవలసిందే.