తెలిసిన దారే, తిరుగు ప్రయాణమే భయం

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 13వ ఎగ్జిట్ దగ్గర దిగితే రావిర్యాల. 2016 ఏప్రిల్‌లో ఇక్కడ మొదలైన వండర్‌లా పార్కులో కుర్రకారు ధైర్యాన్ని పరీక్షించే రైడ్ 'రీకాయిల్'. నెదర్లాండ్స్ సంస్థ వెకోమా తయారుచేసిన ఈ రోలర్ కోస్టర్‌ది 'బూమరాంగ్' నమూనా.

ట్రాక్‌కు రెండు చివరలా రెండు టవర్లు. జనం ఎక్కగానే రైలును కేబుల్‌తో వెనక్కి, మొదటి టవర్ మీదికి లాగుతారు. అందరి ముఖాలూ నేలవైపే. ఒక్కసారిగా వదిలేస్తారు. ఇక తోసే మోటారు ఉండదు, ఎత్తే ఇంధనం. స్టేషన్‌ను దాటి దూసుకెళ్లిన రైలు మూడుసార్లు తలకిందులై రెండో టవర్ ఎక్కుతుంది. గాలి, రాపిడి కొంత వేగాన్ని తినేస్తాయి కనుక కొసదాకా చేర్చేది చైను. మళ్లీ వదిలితే అవే మూడు పల్టీలు, ఈసారి వెనక్కి.

అబూదాబీలోని ఫెరారీ వరల్డ్‌లో 2010లో వచ్చిన 'ఫార్ములా రోసా' పద్ధతి వేరు. ఫెరారీ కారును తలపించే ఆ రైలును, యుద్ధనౌక మీంచి విమానాన్ని విసిరినట్టు హైడ్రాలిక్ శక్తితో విసురుతారు. 4.9 సెకన్లలో గంటకు 240 కిలోమీటర్ల వేగం. కళ్లద్దాలు తప్పనిసరి.

రీకాయిల్‌కు అంత వేగం లేదు. దాని బలమంతా తిరుగు ప్రయాణంలోనే. ముందుకు వెళ్లేటప్పుడు మలుపును కన్ను ముందే చూస్తుంది, ఒళ్లు బిగుసుకుని సిద్ధమవుతుంది. వెనక్కి వచ్చేటప్పుడు ఆ హెచ్చరిక ఉండదు. అప్పుడే చూసిన దారి కూడా కొత్తదైపోతుంది.

గుండె జబ్బులు, మెడ, నడుం నొప్పులు ఉన్నవారు, గర్భిణులు కింద నిలబడి చూడటమే మేలు. మిగిలినవారు భోజనానికి ముందే ఎక్కాలి, తల సీటుకు ఆనించి ఉంచాలి. రెండో టవర్ మీద ఆకాశం చూస్తూ మనసు మార్చుకున్నా లాభం లేదు. దిగడానికి ఉన్నది వచ్చిన దారి ఒక్కటే.