పొయ్యి వెలుగని వేళ పసిబిడ్డల తిండి

పసిబిడ్డ యాకలికి వేళ లేదు. పెద్దలు ఒక పూట తినక యుండి దానిని వ్రతమని చెప్పుకొనవచ్చును. ఏడాది బిడ్డకు అట్టి వ్రతము పనికిరాదు. వాని కడుపు చిన్నది. ఎనిమిది కిలోల బరువుగల బిడ్డ ఒక్కమారు తినగలిగినది ఇంచుమించు పావు లీటరు మాత్రమే. కావుననే తొమ్మిది నెలలు మొదలుకొని రెండేండ్లు నిండువరకు, తల్లిపాలతోపాటు దినమునకు మూడు నాలుగు మారులు భోజనమును, నడుమ ఒకటి రెండు మారులు చిరుతిండియు పెట్టవలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఇన్ని మారులు పొయ్యి వెలిగించు తీరిక ఏ తల్లికి కలదు? ఈ ప్రశ్నను అనంతపురపు మెట్టసీమలో అడిగి చూచినప్పుడే దాని బరువు తెలియును.

ఈ సీమలో ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘములు పడమటి కనుమల కావలనే చాలవరకు కురిసిపోవును. ఈశాన్యపు వానలు సముద్రతీరము దాటి యింతదూరము వచ్చునప్పటికి పలుచనగును. ఆ కొద్దిపాటి వానను నమ్మి జనులు వేరుశనగ విత్తుదురు. అక్టోబరు, నవంబరు మాసములలో చెట్లు పెరుకునప్పుడు తల్లి తెల్లవారకముందే చేనికి పోయి పొద్దుగూకిన తరువాత ఇల్లు చేరును. వాన తప్పిన యేట కదిరి, కల్యాణదుర్గము ప్రాంతములనుండి కుటుంబములు బెంగళూరికి కట్టడపు పనులకు తరలిపోవును. అచటి రేకుల గుడిసెలో మూడు రాళ్లు దొరకినను వాని నడుమ పెట్టుటకు కట్టెలు దొరకుట కష్టము.

1999లో మన రాష్ట్రమున దీపము పథకమును, 2016లో దేశమంతట ఉజ్జ్వల పథకమును వచ్చి పేదల యిండ్లకు గ్యాసు పొయ్యిలను తెచ్చినవి. పొగచేత కండ్లు పోగొట్టుకొను స్త్రీలకు అది గొప్ప మేలు. అయినను పొయ్యి యింటనున్నది, తల్లి చేనిలోనున్నది, బిడ్డ పదేండ్ల అక్క చంకలోనున్నాడు. ఆ పిల్లచేత నిప్పు ముట్టింపరాదని తల్లి భయపడును. ఆ భయము న్యాయమైనదే. అప్పుడు బిడ్డ యేమి తినును? చేల గట్లపై మేము చూచినది ఐదు రూపాయల బిస్కత్తు పొట్లమును, దానిని ముంచుటకు ఇంత తేనీరును. బిస్కత్తులో నున్నది మైదా, చక్కెర, నూనె. తేనీరు బిడ్డ తిన్న తిండిలోని యినుమును సైతము ఒంటబట్టనీయదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున ఐదేండ్లలోపు పిల్లలు నూటికి 31 మంది వయసుకు తగిన యెత్తు లేక యున్నట్లు తేలినది. వీరందరు తిండి బొత్తిగా లేక కృశించినవారు కారు. తగిన తిండి తగినన్ని మారులు అందక కుంగినవారు అనేకులు.

ఇట్టి తల్లులకు మన సంస్కర్తలు చేయు బోధ యొక్కటియే: వేడివేడిగా వండి పెట్టుడని. బోధ మంచిదే, అది మధ్యాహ్నము రెండు గంటలకు చేనిలోనున్న స్త్రీకి అక్కరకు రాదు. మేము చెప్పబూనినది వేరు. వంట పొయ్యి మీదనే, తినువేళకే జరుగవలయునన్న నియమము లేదు. ధాన్యము ముందుగా ఒకమారు నిప్పును చక్కగా చూచియున్నచో, తరువాత నిప్పులేకయే బిడ్డకు పలుమారులు పెట్టవచ్చును. ఈ విద్య మనకు క్రొత్తది కాదు. తొలియేకాదశి నాడు పేలపిండిలో బెల్లము కలిపి తినని తెలుగిల్లు అరుదు. జొన్ననో రాగినో కొంచెము తడిపి యుంచి, కాగిన యిసుకలో వేసినచో గింజలోని తడి ఆవిరియై గింజను పగులగొట్టును. ఆ క్షణముననే లోని పిండి ఉడికిపోవును. అట్లు పేలిన గింజలను విసరిన పిండికి మరల వంట అక్కరలేదు. మడకశిరకు ఆవల కన్నడదేశమున రాగి పేలపిండిని హురిహిట్టు అని నిత్యము వాడుదురు. మన బజారులోని బొరుగులును ఈ జాతివే. ఇంటి పొయ్యి ఆరియున్నను ఊరి బొరుగుల బట్టీ మండుచునే యున్నది. అది పదియిండ్ల వంటను ఒక్కచోట చేయుచున్నదని మనము గుర్తింపలేదు.

శాస్త్రజ్ఞులును ఈ దారినే నడచిరి. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థ యని పిలువబడు సంస్థవారు బక్కచిక్కిన బిడ్డలకై యొక పొడిని కూర్చిరి. వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగలు 16, వేరుశనగలు 10, బెల్లము 20. ఈ 86 గ్రాములలో 330 కేలరీల శక్తియు, 11 గ్రాములకు మించిన మాంసకృత్తులును కలవు. మన సీమలో గోధుమకు మారుగా రాగి పేలపిండి వాడుకొనవచ్చును. నూరు గ్రాముల రాగులలో సున్నపుధాతువు 340 మిల్లీగ్రాములకు పైగా నుండగా బియ్యములో పదికి అటునిటుగా నుండును. మేము పప్పులని పిలుచు పుట్నాలును, వేరుశనగయు ఏ యూరి యంగడిలోనైనను దొరకును. మేము మా యింట రెండు వారములకు సరిపడునంత పొడి కొట్టించి, తడి తగులని డబ్బాలో నుంచుకొందుము.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప మరేమియు పెట్టరాదు. బూజుపట్టిన, నల్లబడిన, ముడుతలుపడిన వేరుశనగ గింజలో విషముండును, ఏరి పారవేయవలయును. పసివారికి గింజను గింజగా నీయక మెత్తగా పొడిచేసియే పెట్టవలయును. లేనిచో గొంతున అడ్డుపడి ప్రాణము తీయగలదు. బెల్లము మితముగా వేయవలయును. ఏడాదిలోపు బిడ్డకు తేనె కూడదు. పొడిని నీళ్లవలె కలిపిన కడుపు నిండును గాని బలము చాలదు. గరిటెనుండి జారక నిలుచునంత చిక్కగా నుండవలయును. కలిపినది అప్పటికప్పుడే పెట్టి, మిగిలినది పెద్దలు తినవలయునే గాని మరుపూటకు దాచరాదు.

అన్నిటికంటె కష్టమైనది నీరు. నిప్పులేనిచో నీరు కాచుటయు లేదు. మన సీమలో నీటికి కరవున్నను ఎండకు కరవు లేదు. తేటనీటిని మరకలులేని, రంగులేని పారదర్శకమైన ప్లాస్టిక్కు సీసాలో నింపి నిండుటెండలో ఆరు గంటలు పరుండబెట్టినచో రోగము తెచ్చు క్రిములు చచ్చును. మబ్బు పట్టినచో రెండు దినములుంచవలయును. లోతు బోర్ల నీటిలోని ఫ్లోరైడు మాత్రము దీనిచేత పోదు. 1990వ దశకమున వచ్చిన సత్యసాయి తాగునీటి పథకము వంటి సరఫరా యున్నచోట ఆ నీటినే బిడ్డకు వాడవలయును.

ఇక అసలు చిక్కు తిండిలో లేదు, మన తలపులో నున్నది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చి పేదల ఆకలి తీర్చినది. దానితోపాటు రాగియు కొర్రయు లేనివారి కూడన్న చులకన భావము పెరిగినది. పేలపిండి పెట్టు తల్లి సిగ్గుపడుచున్నది. బిస్కత్తు కొనిపెట్టు తండ్రి గర్వపడుచున్నాడు. అనంతపురపు అరటిపండ్లు లారీలకెక్కి దూరదేశములకు పోవుచుండగా తోటకూలి బిడ్డకు పండు మెదిపి పెట్టవచ్చునని ఎవరికిని తోచుటలేదు. 1975 అక్టోబరు 2న మొదలైన శిశుసేవల పథకము క్రింద అంగన్‌వాడీనుండి వచ్చు బాలామృతపు పొడిని ఇంటిల్లిపాదియు పంచుకొన్నచో బిడ్డ పాలికి మిగులునది చెంచాడే.

గింజలు ఏరుట, బట్టీకి మోయుట, మరకు తీసికొనిపోవుట, సీసాలు ఎండబెట్టుట, వీనిలో ఆడుదియే చేయవలసిన పని యేదియు లేదు. తండ్రి చేయవచ్చును, తాత చేయవచ్చును. పెరుకుడు కాలమునకు ముందు ఊరి పొదుపు సంఘమువారు పదియిండ్ల గింజలు ఒక్కనాడు పేల్పించి పంచవచ్చును. పదేండ్ల అక్కయు నిప్పు ముట్టకయే తమ్మునికి కలిపి పెట్టగలదు. ఆమె బడిమాని తమ్ముని మోయవలసివచ్చుట వేరొక అన్యాయము, దానిని మాన్పుట మన విధి. చదువుకొన్న గృహిణులు తమ యింటి మగవారిచేత ఈ నెలలోనే ఒక డబ్బా పొడి చేయించి, తమ పొలమునకు కూలికి వచ్చు తల్లి చేతిలో పెట్టుదురు గాక.