అమ్మీ సబర్

మా మెట్టుగూడలో రైలు చప్పుడు వినిపించని రాత్రి ఉండదు. ఆ రాత్రి ఇషా నమాజ్ అయ్యాక అమ్మీకి వీపులో, దవడలో నొప్పి మొదలైంది. ఒళ్లంతా చెమటలు. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకుంది. నేను పక్క గదిలోనే ఉన్నాను. పొద్దున్నే డ్యూటీకి పోవాలి కదా అని నన్ను లేపలేదు.

ఫజర్‌కి లేచి చూస్తే వజూ చేసే పీట మీద కూలబడి ఉంది.

దవాఖానాలో ఈసీజీ తీశారు. "నొప్పి ఎప్పట్నించి అమ్మా?" అని డాక్టర్ సాబ్ అడిగారు. "ఇప్పుడే" అంది అమ్మీ. నేను చేయి పట్టుకుంటే తల దించుకుని, "రాత్రి నుంచి" అంది. లెక్కేస్తే తొమ్మిది గంటలు.

గుండె నాళం పూర్తిగా మూసుకుపోతే, దాని వెనకున్న కండ నిమిషనిమిషానికీ చచ్చిపోతుంటుంది. అందుకే ఇలాంటి మరీజ్ యాంజియోప్లాస్టీ చేసే ఆస్పత్రి గడప తొక్కిన 90 నిమిషాల్లోపు నాళం తెరవాలని డాక్టర్లు నియమం పెట్టుకున్నారు. అమ్మీకి గంటలోపే తెరిచారు. షుకర్. కానీ అంతకుముందు పోయిన తొమ్మిది గంటలను ఎవరు తిరిగిస్తారు?

1977లో జూరిచ్‌లో గ్రుయెంట్‌జిగ్ అనే డాక్టరు మొదటిసారి గుండె నాళంలో బెలూన్ ఉబ్బించినప్పుడు అదో వింత. తర్వాత మన హైదరాబాద్‌లోనే అబ్దుల్ కలాం సాబ్, డాక్టర్ సోమరాజు కలిసి తక్కువ ధర స్టెంట్ తయారు చేయించారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. 2017లో కేంద్రం స్టెంట్ ధరకు హద్దు పెట్టింది. లక్ష దాటే మందుపూత స్టెంట్ ముప్పై వేల లోపుకు దిగింది. ఇప్పుడు మా గల్లీలో ఏ దావత్‌కి పోయినా స్టెంట్ వేయించుకున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు.

అమ్మీకి ఇంకో నాళంలో కూడా అడ్డు ఉంది. అది తర్వాత చేస్తామన్నారు. కార్డు, కాగితాలు, మంజూరు, తారీఖు. ఆ ఇంతెజార్‌లో నేను రోజులు లెక్కపెట్టాను, కౌంటర్ దగ్గర గొడవపడ్డాను, చుట్టాలందరికీ ఫిర్యాదు చేశాను. ఇంగ్లండ్‌లో ముందే తేదీ వేసి చేసే ఇలాజ్‌లకు 18 వారాల గడువు అని రాసి ఉందట. మనకు అలాంటిదేదీ లేదని కోపం.

ఆ కోపం తప్పు కాదు. కానీ రెండో స్టెంట్ పడ్డాక డాక్టర్ సాబ్ ఎకో రిపోర్ట్ చూపించి చెప్పారు: గుండె బలం తగ్గింది మొదటి రాత్రే. కౌంటర్ దగ్గరి ఎదురుచూపులో కాదు, మా ఇంట్లోని ఎదురుచూపులో.

అమ్మీ దాన్ని సబర్ అనుకుంది. మనమే నేర్పాం. అందరూ తిన్నాక తినే అమ్మీని, జ్వరంతోనే సహరీ వండే అమ్మీని సబర్ గల ఆడది అని మెచ్చుకున్నాం. ఆ తారీఫ్ విని విని, గుండె మండుతున్నా నోరు విప్పలేదు.

ఇప్పుడు ఆమె మంచం పక్కన చిన్న గంట పెట్టాను. 108 నంబరు పెద్ద అంకెల్లో గోడకు రాశాను. మొన్న రాత్రి రెండింటికి గంట మోగింది. పరుగెత్తాను.

"ఏం లేదు బేటా, మోగుతుందో లేదో చూశా" అంది.

కోప్పడలేదు. చాయ్ పెట్టి తెచ్చాను. ఇద్దరం తాగాం.