రెండు పుట్టలు

నైరోబీ నుంచి మొంబాసా వెళ్లే దారిలో సగం దూరానికి మ్టీటో ఆండేయ్ వస్తుంది. అక్కడ నేల అచ్చం మా నల్గొండ చెల్కలా ఎర్రగా ఉంది. నవంబరు, చిన్న వానల కాలం. రోడ్డు పక్కన నిలువెత్తు చెదపుట్టలు. వాటిలోంచి లేచే ఉసిళ్లను ఇక్కడ కుంబికుంబి అంటారట, వేయించుకుని తింటారట. "మా ఊళ్లోనూ తింటారు" అంటే డ్రైవర్ నమ్మలేనట్టు నవ్వాడు.

నేను వచ్చింది మాత్రం ఇంకో పుట్ట కోసం. తెల్లవారుజామున మట్టిబాట పక్కన కారాపి చూపించాడు: చెంబు బోర్లించినంత కుప్ప, నడుమ బొరియ. అందులోంచి మట్టి చిమ్మనగ్రోవి కొట్టినట్టు ఎగిరి పడుతోంది. చిమ్మే ప్రాణి మాత్రం కనబడదు. నేకెడ్ మోల్ ర్యాట్ అది. ఒంటి మీద బొచ్చు లేని, చూపు ఆనని ఎలుక. లోపల ఒకటి పళ్లతో తవ్వుతుంటే మిగతావి వరుసగా మట్టిని వెనక్కి నెడతాయి. చివరిది వెనక కాళ్లతో బయటికి విసురుతుంది.

వంగి చూడబోతే డ్రైవర్ భుజం పట్టి లాగాడు. "కొత్త మట్టి దగ్గరికి పాము వస్తుంది సార్." పుట్ట అంటే పామని మనకొకరు చెప్పాలా!

ఒక రాణి, మిగిలినవి దాదాపు అన్నీ కూలీలు. ఈ కాపురం చీమలు, తేనెటీగలు, చెదల వంటి పురుగులదే అనుకునేవారు. ఈ ఎలుకలదీ అదేనని 1981లో జంతుశాస్త్రవేత్త జెనిఫర్ జార్విస్ చూపించారు. గుంపులో సాధారణంగా 70, 80 ఉంటాయి. ఈనేది ఒక్కతే. మిగతావి గడ్డలు వెతుకుతాయి, పిల్లల్ని సాకుతాయి.

పక్కనున్న చెదపుట్ట వైపు చూశాను. లోపల రాణి కదల్లేనంత ఉబ్బి, మట్టిగదిలో రోజుకు వేల గుడ్లు పెడుతూ ఉంటుంది. కూలీలు లక్షల్లో ఉన్నా దానికి బెంగ లేదు, వాటిలో ఏదీ రాణి కాలేదు. ఎలుకల రాణికి ఆ నిశ్చింత లేదు. అది చస్తే ఆడకూలీలు ప్రాణాలు పోయేలా కొట్టుకుంటాయి. గెలిచినదాని నడుము సాగుతుంది, పిల్లల్ని మోయడానికి. నిన్న మట్టి నెట్టినదే రేపటి రాణి. అందుకేనేమో, ఈ రాణి సొరంగాల్లో తిరుగుతూ కూలీలను ముట్టెతో నెడుతూనే ఉంటుంది.

ఎండ ముదిరింది. చిమ్మడం ఆగింది. చూస్తుండగానే బొరియ లోపలి నుంచి పూడుకుపోయింది. పూడ్చింది ఏ కూలీయో, దాన్ని వెనక నుంచి నెట్టింది ఎవరో!