ఇంత చిన్న గీత కూడా రాదా?

మొన్న సేల్‌లో ఓ గేమ్ కొన్నా. పేరు 'ది వండర్‌ఫుల్ 101: రీమాస్టర్డ్'. జపాన్‌కి చెందిన ప్లాటినమ్‌గేమ్స్ వాళ్లు 2013లో నింటెండో వీ యూ కోసం చేశారు. ఆ కన్సోలే సరిగ్గా అమ్ముడుపోలేదు. దాంతో పాపం, గేమూ చాలామందికి తెలియలేదు. 2020లో కిక్‌స్టార్టర్‌లో అభిమానుల దగ్గర డబ్బు పోగేసి పీసీ, స్విచ్, పీఎస్ 4లకు మళ్లీ తెచ్చారు.

కథ సింపుల్. భూమి మీదికి గ్రహాంతరవాసులు దండెత్తుతారు. వంద మంది సూపర్‌హీరోలు గుంపుగా వెళ్లి తలపడతారు. నూట ఒకటో హీరో మనమే, ఆడేవాళ్లం. ముందుండే వండర్ రెడ్ మామూలుగా ఓ ఎలిమెంటరీ స్కూల్ టీచర్.

చిక్కంతా కంట్రోల్స్‌తోనే. మామూలుగా యాక్షన్ గేముల్లో కుడి స్టిక్‌తో కెమెరా తిప్పుతాం కదా! ఇక్కడ దాంతో బొమ్మ గీయాలి. సున్నా చుడితే హీరోలంతా కలిసి పెద్ద పిడికిలి అవుతారు. నిలువు గీత గీస్తే కత్తి, ఎల్ ఆకారం గీస్తే తుపాకీ, వంకరటింకరగా గీస్తే కొరడా. గీత ఎంత పెద్దదైతే ఆయుధం అంత పెద్దది.

వినడానికి బాగుంది. కానీ నేను కత్తి కోసం గీస్తే కొరడా వచ్చేది. సున్నా చుడితే అసలేమీ వచ్చేది కాదు. పైగా దెబ్బ ఆపుకోవడం, తప్పించుకోవడం లాంటివి గేమ్‌లోని షాపులో కొనుక్కోవాలట. అది చూసుకోక మూడు గంటలు తన్నులు తిన్నా. "ఇది గేమ్ బగ్గే" అని కంట్రోలర్ మంచం మీదికి విసిరేశా.

అప్పుడే నవ్వొచ్చింది. ఆఫీసులో ఎవరైనా "మీ యాప్ నా మాట వినట్లేదు" అని కంప్లయింట్ పెడితే, "యూజర్ మిస్టేక్" అని రాసి టికెట్ మూసేది నేనే మరి!

ఆ వెంటనే నాన్న గుర్తొచ్చాడు. నవ్వు ఆగిపోయింది.

నాన్న బస్ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్లు స్పానర్ పట్టిన వేళ్లు, కొసలు మొద్దుబారిపోయాయి. స్మార్ట్‌ఫోన్ కొనిచ్చినప్పుడు, డబ్బులెవరైనా కొట్టేస్తారేమోనని ఏడు చుక్కల ప్యాటర్న్ లాక్ నేనే పెట్టా. ఆయన గీస్తుంటే మధ్యలో వేలు లేచిపోయేది. ఐదుసార్లు తప్పితే ముప్పై సెకన్లు ఆగమనేది ఫోన్. ఓసారి నాకూ ఓపిక పోయింది. "ఇంత చిన్న గీత కూడా రాదా నాన్నా?" అన్నా.

ఆయన ఏమీ అనలేదు. మళ్లీ ఎప్పుడూ నన్ను అడగలేదు కూడా.

నేర్చుకున్నాడులే అనుకున్నా. దసరాకి ఖమ్మం వెళ్లినప్పుడు అమ్మ అసలు సంగతి చెప్పింది. ఫోన్ తెరవాల్సి వస్తే మెడికల్ షాపు కుర్రాడి దగ్గరికి వెళ్తున్నాడట. ఆ ప్యాటర్న్ కాగితం మీద గీసి ఫోన్ కవర్‌లోనే పెట్టుకున్నాడట. భద్రంగా ఉండాలని తాళం వేసింది నేనే, తాళంచెవి వీధిలోకి చేరేలా చేసిందీ నేనే. అప్పుడు ఏదో సర్దిచెప్పి హైదరాబాద్ వచ్చేశా.

రెండు రోజుల తర్వాత కంట్రోలర్ మళ్లీ పట్టుకున్నా. ఈసారి ఒకటి గమనించా. మనం గీయడం మొదలుపెట్టగానే ఆటలో కాలం నెమ్మదిస్తుంది. శత్రువులూ నెమ్మదిస్తారు. గీత విషయంలో గేమ్ ఏ మాత్రం రాజీపడదు. కానీ గీసేవాడికి కాస్త టైమిస్తుంది. నాన్నకి నేను ఇవ్వనిది అదే.

ఆ ఆదివారం ఊరెళ్లా. పాత లాక్ తీసేసి, "నీకు వీలైన గీత నువ్వే పెట్టుకో నాన్నా" అని ఫోన్ చేతికిచ్చి పక్కన కూర్చున్నా. మధ్యలో నోరు విప్పకుండా ఉండటమే చాలా కష్టమైంది.

"ఎల్ బోర్డు పెట్టుకోనా? నేర్చుకునేవాణ్నే కదా" అన్నాడు.

అది ఎవరైనా కనిపెట్టేస్తారు అని చెప్పబోయి ఆగిపోయా. ఆయనే కాసేపు ఆలోచించి, "ఇది అందరికీ తెలిసేదేలే" అని ఇంకో రెండు చుక్కలు కలిపాడు. నాలుగుసార్లు తప్పింది. ఐదోసారి తెరుచుకుంది.

ఆ రెండు చుక్కలు ఎటువైపు కలిపాడో నాకు తెలీదు. వంగి చూడబోతే ఫోన్ అవతలికి తిప్పుకున్నాడు.